వాటా ఎవరిది, పెత్తనం ఎవరిది: ఒక రైస్ మిల్లు కంపెనీలో అన్నదమ్ముల తగువు

ఇది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక రైస్ మిల్లు కేసు. మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరున ఉంది. నేను ప్రాక్టీసింగ్ కంపెనీ సెక్రటరీని, అంటే కంపెనీల చట్టం పనులు చూసే వృత్తి నాది. ఇందులో తమ్ముడు, చెల్లెలి తరఫున పనిచేశాను. కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా అంకెలు, తేదీలు, కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి వాళ్ల అనుమతి ఉంది.

మన డెల్టాలో ఇలాంటి కంపెనీలు చాలా ఉన్నాయి. రైస్ మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, కోనసీమలో కొబ్బరి పీచు యూనిట్లు. బ్యాంకు లిమిట్ కోసమో, ఆడిటర్ చెప్పాడనో భాగస్వామ్యాన్ని కంపెనీగా మార్చుకుంటారు. షేర్లు ఎవరి పేరున ఎన్ని రాశారో ఆ రోజు తర్వాత ఎవరూ చూడరు. తండ్రి ఉన్నంతకాలం వాటా, పెత్తనం రెండూ ఆయన దగ్గరే ఉంటాయి కాబట్టి అవి వేర్వేరు విషయాలని ఇంట్లో ఎవరికీ తట్టదు. ఆయన పోయాక మొదటిసారి అవి విడిపోతాయి. నా దగ్గరికి వచ్చే తగువుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

ఈ కంపెనీ షేర్లు మొత్తం 40,000. ఒక్కొక్కటి వంద రూపాయలు, అంటే 40 లక్షల మూలధనం. తండ్రి పేరున 22,000, తల్లి పేరున 4,000, పెద్దకొడుకు పేరున 8,000, చిన్నకొడుకు పేరున 6,000. కూతురి పేరున ఏమీ లేవు. తండ్రి, ఇద్దరు కొడుకులు డైరెక్టర్లు. పెద్దకొడుకు డిగ్రీ అవగానే మిల్లులో దిగాడు. చిన్నకొడుకు ఉండి వైపు రొయ్యల చెరువులు చూసుకుంటాడు. కూతురిని అమలాపురం దగ్గర ఇచ్చారు.

2019లో తండ్రి పోయారు. వీలునామా లేదు, షేర్లకు నామినేషన్ లేదు. హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఆయన 22,000 షేర్లు భార్యకు, ముగ్గురు పిల్లలకు సమానంగా, తలా 5,500 చొప్పున రావాలి. ఇక్కడ చాలామంది పొరబడుతుంటారు. ఆడపిల్లకు హక్కు 2005 సవరణతో వచ్చిందని, పెళ్లి ఎప్పుడైందో చూడాలని అంటారు. ఆ సవరణ, అంతకు ముందు మన రాష్ట్రంలో 1985 నుంచి అమలైన సవరణ ఉమ్మడి ఆస్తికి సంబంధించినవి. తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా మిగిలితే కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 నుంచే ఉంది. పెళ్లిలో రెండెకరాలు ఇచ్చాం, బంగారం పెట్టాం అనే మాట ఆ లెక్కలోకి రాదు.

తర్వాత మూడున్నరేళ్లు ఎవరూ ఏమీ అడగలేదు. 2023 మొదట్లో బ్యాంకు సీసీ లిమిట్ (వ్యాపారం నడపడానికి వాడుకునే అప్పు) రెన్యువల్ కాగితాలు పంపి, తమ్ముణ్ణి గ్యారంటర్‌గా సంతకం పెట్టమంది. డైరెక్టర్ల జాబితాలో తన పేరు లేదు. వదిన పేరు ఉంది.

ఆ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఇలాంటప్పుడు మొదట చేయాల్సిన పని చాలా చిన్నది. కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) వెబ్‌సైట్లో వంద రూపాయలు కడితే కంపెనీ దాఖలు చేసిన పబ్లిక్ కాగితాలన్నీ చూడొచ్చు. వార్షిక రిటర్నులు, షేర్ల కేటాయింపు ఫారం, డైరెక్టర్ల మార్పు ఫారం తీశాం. కథంతా అందులోనే ఉంది.

2019 అక్టోబరులో బోర్డు మీటింగ్ పెట్టి తండ్రి షేర్లు 22,000 మొత్తం అన్న పేరుకు మార్చారు. తల్లి, తమ్ముడు, చెల్లెలు "మాకు అభ్యంతరం లేదు" అని సంతకం చేసిన స్టాంపు కాగితం దానికి ఆధారం. 2021 జనవరిలో అన్న, తల్లి హాజరైన అసాధారణ సర్వసభ్య సమావేశంలో వదినను డైరెక్టర్‌గా తీసుకున్నారు. ఆ మార్చిలో రైట్స్ ఇష్యూ చేశారు, అంటే ఉన్న సభ్యులకే వాళ్ల వాటా ప్రకారం కొత్త షేర్లు ఇవ్వజూపడం. 60,000 కొత్త షేర్లు, ముఖ విలువ వంద రూపాయలకే. తల్లికి, తమ్ముడికి ఆఫర్ లెటర్లు పంపామని, వాళ్లు స్పందించలేదని, అందుకని మొత్తం అన్నకే కేటాయించామని మినిట్స్ చెబుతున్నాయి. 2022లో పన్నెండు నెలలు ఏ బోర్డు మీటింగుకూ రాలేదని కంపెనీల చట్టం 167వ సెక్షన్ కింద తమ్ముడి పదవి ఖాళీ అయినట్టు నమోదు చేశారు.

ఫలితం ఏమిటంటే, లక్ష షేర్లలో అన్నకు 90,000, తమ్ముడికి 6,000, తల్లికి 4,000. చట్టప్రకారం 28.75 శాతం ఉండాల్సిన తమ్ముడు ఆరు శాతానికి దిగాడు. 13.75 శాతం ఉండాల్సిన చెల్లెలు సున్నా దగ్గరే ఉండిపోయింది.

కాగితం మీద ఇది బలంగానే కనిపిస్తుంది. ప్రతి ఫారమూ గడువులో దాఖలైంది. కానీ ఒక చోట అతుకు ఊడింది. 2019 అక్టోబరు నాటికి కంపెనీలో ఉన్నది ఇద్దరే డైరెక్టర్లు, అన్న, తమ్ముడు. 174వ సెక్షన్ ప్రకారం బోర్డు కోరం, అంటే మీటింగ్ చెల్లడానికి హాజరు కావాల్సిన కనీస సంఖ్య, మొత్తం సంఖ్యలో మూడో వంతు లేదా ఇద్దరు, వీటిలో ఏది ఎక్కువైతే అది. అంటే తమ్ముడు లేకుండా ఆ మీటింగే లేదు. మినిట్స్‌లో తమ్ముడు హాజరైనట్టు రాశారు, హాజరు పుస్తకంలో మాత్రం అతని సంతకం లేదు. ఆ రోజు అతను చెరువు పట్టుబడిలో ఉన్నాడు. రొయ్యలు కొన్న ప్లాంటు ఇచ్చిన తూకం స్లిప్పు మీద కౌంటు, కిలోలు, తేదీ, అతని సంతకం ఉన్నాయి. తగువు వచ్చాక మనం వెతికేది పెద్ద రుజువులే అయినా, తరచూ నిలబడేది రోజువారీ వ్యాపారంలో పుట్టిన ఇలాంటి కాగితమే. దాన్ని ఎవరూ కేసు కోసం సృష్టించరు కదా.

రైట్స్ ఇష్యూలో రెండో లోపం. కొత్త బాయిలర్ కోసం డబ్బు కావాలని బోర్డు తీర్మానంలో రాశారు. బ్యాంకు స్టేట్‌మెంట్లో మాత్రం ఒక్క రూపాయి కొత్తగా రాలేదు. అన్న కంపెనీకి ఇచ్చిన 60 లక్షల అన్‌సెక్యూర్డ్ లోన్‌ను షేర్ల డబ్బుగా సర్దుబాటు చేశారు. బాయిలర్ కొననే లేదు. ఆఫర్ ఇష్యూ తెరవడానికి కనీసం మూడు రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్టులోనో, స్పీడ్ పోస్టులోనో, చేరినట్టు రుజువుండే మరో పద్ధతిలోనో పంపాలని 62వ సెక్షన్ చెబుతోంది. కంపెనీ దగ్గర అలాంటి రుజువేమీ లేదు. పైగా మిల్లు భూమి ధర ఎంత పెరిగిందో ఊళ్లో అందరికీ తెలుసు. అలాంటి షేరును వందకే తీసుకోవడమంటే మిగిలినవాళ్ల విలువను తన వైపు లాక్కోవడమే.

అన్న మాట కూడా వినాలి

అవతలి పక్షమైనా నేను అన్నను కలిశాను, వాళ్ల వకీలు సమక్షంలో. ఆయన మాటల్లో నాకు దొంగతనం కనిపించలేదు. తండ్రి బతికుండగా పెద్దమనుషుల ముందు "మిల్లు పెద్దోడిది, చెరువులు చిన్నోడివి" అన్నారట. చెరువులు కొన్నప్పుడు మిల్లు నుంచే డబ్బు వెళ్లిందట. 2018 డిసెంబరులో పెథాయ్ తుఫాను వచ్చి సార్వా ధాన్యం తడిసి ముద్దయినప్పుడు, రైతులకు డబ్బు ఆపకూడదని భార్య బంగారం తాకట్టు పెట్టి కట్టాడు. ఆ 60 లక్షల్లో ఆ డబ్బు ఉంది. ఇరవై ఏళ్లుగా ఆయన తీసుకున్న జీతం ఒక మంచి మెకానిక్ జీతం కన్నా తక్కువ. "నేను సీజన్లో ఇంటికెళ్లి పడుకున్న రాత్రులు లెక్కపెట్టుకోవచ్చండి. వాటా అడిగేవాళ్లు తవుడు ఎంతకి అమ్ముడైందో కూడా ఎప్పుడూ అడగలేదు" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

కానీ తండ్రి మాట కంపెనీని కట్టివేయదు. షేర్ల బదిలీ మీద కుటుంబ సభ్యులు తమలో తాము చేసుకున్న ఏర్పాటు కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్‌లో లేకపోతే అది కంపెనీ మీద చెల్లదని రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. నోటిమాట మీద జరిగిన కుటుంబ ఒప్పందం అసలు చెల్లదని కాదు. కాలే కేసులో, 1976లో, నోటిమాటతో కూడా కుటుంబ పంపకం జరగొచ్చని అదే కోర్టు అంది. అయితే దాన్ని రుజువు చేయాలి. ఇక్కడ తండ్రి పోయేదాకా ఏటా దాఖలైన రిటర్నుల్లో 55 శాతం ఆయన పేరునే ఉంది. ఇచ్చేసినవాడు ఏటా సంతకం చేసి తనదేనని ఎందుకు చూపిస్తాడు?

ఇక ఆ అభ్యంతరం లేదన్న కాగితం. చెల్లెలు తండ్రి పెద్దకర్మ రోజు ఎల్ఐసీ క్లెయిమ్ కోసమని ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టింది. సంతకం ఆమెదే. తమ్ముడు దాన్ని ఫోర్జరీ అని పోలీసు కేసు పెడదామన్నాడు. నేను వద్దన్నాను. సంతకం ఆమెదే అయినప్పుడు ఫోర్జరీ అని నిలబెట్టడం కష్టం. ఏం రాస్తున్నారో తెలియకుండా పెట్టిన సంతకం అన్నదే మన వాదన కావాలి. పైగా అన్నను దొంగ అన్న తర్వాత తిరిగి ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు.

ముందు చేయకూడనిది

మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది "బ్యాంకుకి లెటర్ పెట్టి అకౌంట్ ఆపించెయ్యండి" అని. రైస్ మిల్లు విషయంలో అది విషం పెట్టడమే. దాళ్వా కోతలు ఏప్రిల్‌లో మొదలవుతాయి. పౌరసరఫరాల సంస్థ కస్టమ్ మిల్లింగ్‌కు (తన ధాన్యాన్ని ఆడించి బియ్యంగా తిరిగి ఇవ్వడానికి) ధాన్యం ఇవ్వాలంటే బ్యాంకు గ్యారంటీ కావాలి. డైరెక్టర్ల మధ్య తగువుందని లెటర్ చేరగానే బ్యాంకు గ్యారంటీ రెన్యువల్ ఆగుతుంది, లిమిట్ ఆగుతుంది. ధాన్యం పక్క మిల్లుకు వెళ్లిపోతుంది. తొంభై రోజులు వడ్డీ కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆ తర్వాత తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద నోటీసు గేటుకు అంటిస్తారు. పంచుకోవడానికి ఏమీ మిగలదు.

అందుకే తమ్ముడిని ఒప్పించి ఆ సీజన్ రెన్యువల్‌కు సంతకం పెట్టించాను. అభ్యంతరాలు తన హక్కులకు భంగం లేకుండా అన్న మాటతో రాతలో ఉంచాం. అతనికి ఇది కష్టంగా అనిపించింది. పదవి తీసేసిన కంపెనీ అప్పుకు తన చెరువుల భూమి తాకట్టులో ఉండటమేంటని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. డైరెక్టర్ పదవి పోయినంత మాత్రాన వ్యక్తిగత గ్యారంటీ పోదు. మన ఊళ్లలో ఇది తెలియక మునిగినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

పిటిషన్

కంపెనీ తగువులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచ్‌లో, సభ్యుల రిజిస్టరు సరిచేయమని 59వ సెక్షన్ కింద, సభ్యుల అణచివేత మీద 241, 242 సెక్షన్ల కింద పిటిషన్ వేశాం. అవతలివాళ్లు మొదట అర్హతను పట్టుకున్నారు. తమ్ముడికి ఉన్నది ఆరు శాతమే, పది శాతం లేదన్నారు. 244వ సెక్షన్‌ను సగం చదివితే వచ్చే వాదన అది. మూలధనంలో పదో వంతు ఉండాలి, లేదా వందమంది సభ్యులో, మొత్తం సభ్యుల్లో పదో వంతో, ఏది తక్కువైతే ఆ సంఖ్య ఉండాలి. రిజిస్టరులో ముగ్గురే సభ్యులున్న కంపెనీలో ఒక్కడు చాలు. చిన్న కుటుంబ కంపెనీలో ఒక్క షేరున్న మనిషికి కూడా ట్రిబ్యునల్ తలుపు తెరిచే ఉంటుంది.

చెల్లెలి విషయం అంత తేలిక కాదు. ఆమె పేరు రిజిస్టరులో లేదు. చనిపోయిన సభ్యుడి వారసులు రిజిస్టరులో పేరు లేకపోయినా పిటిషన్ వేయవచ్చని 1989లో సుప్రీంకోర్టు వరల్డ్ వైడ్ ఏజెన్సీస్ కేసులో అంది. అయితే 2020లో అరుణా ఓస్వాల్ కేసులో, వారసత్వమే సివిల్ కోర్టులో వివాదంగా నడుస్తున్నప్పుడు ఈ దారి పట్టకూడదంది. ఆమె సివిల్ దావా ఏదీ వేయలేదు, ఆమె కూతురన్న విషయం మీద వివాదమూ లేదు. అందుకే ఆమెను రెండో పిటిషనర్‌గా చేర్చాం. ఎవరైనా తొందరపడి ముందు జిల్లా కోర్టులో పార్టిషన్ దావా వేయించి ఉంటే ఈ తలుపు మూసుకుపోయేది.

కాలదోషం గురించి కూడా అడిగారు. 2019 నాటి మార్పు అన్నారు. కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఉంది. పైగా మాకు తెలిసింది 2023లో.

రైట్స్ ఇష్యూ మీద మేం ఆధారపడింది డేల్ అండ్ క్యారింగ్టన్ తీర్పు, 2004. మేనేజింగ్ డైరెక్టర్ తన పట్టు కోసం తనకే షేర్లు కేటాయించుకోవడాన్ని సుప్రీంకోర్టు అందులో కొట్టేసింది. అవతలి పక్షం 1981 నాటి నీడిల్ ఇండస్ట్రీస్ తీర్పు చూపింది. కంపెనీకి నిజంగా అవసరమై షేర్లు ఇస్తే, దానివల్ల డైరెక్టర్లకు కొంత లాభం కలిగినా తప్పుకాదని. రెండూ సరైన తీర్పులే. తేడా అంతా ఆ డబ్బు అవసరం నిజమా కాదా అన్న దగ్గర ఉంది. కొనని బాయిలర్ మా వైపు నిలబడింది. షేర్లలో, స్థిరాస్తుల్లో యథాతథ స్థితి ఉంచమని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. మిల్లు రోజువారీ నడకను ఆపమని మేం అడగలేదు.

తల్లి

తగువు తేలింది ఆ ఉత్తర్వు వల్ల కాదు, తల్లి వల్ల. మిల్లు గోదాములు, కళ్లం ఉన్న ఎకరం ఇరవై సెంట్లు ఆమెకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి. కంపెనీది కాదు, తండ్రిదీ కాదు. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం పూర్తిగా ఆమెదే. అద్దె ఒప్పందం లేదు, అద్దె లేదు. దాని దస్తావేజు బ్యాంకులో ఉంది. లిమిట్ పెంచాలంటే ఆమె మళ్లీ బ్యాంకుకు వచ్చి సంతకం పెట్టాలి. అప్పటిదాకా పెద్దకొడుకు చెప్పిన ప్రతిచోటా పెట్టిన ఆవిడ ఈసారి పెట్టలేదు. "ముగ్గురూ కలిసి వస్తే పెడతాను" అంది. ఇంట్లో అందరూ ఆవిణ్ణి అమాయకురాలనుకున్నారు. ఆ కంపెనీలో అందరికన్నా బలమైన స్థానం ఆమెదేనని నాకు మొదటి రోజే అనిపించింది. ఆ మాట ఆవిడకు నేను చెప్పలేదు, నా క్లయింట్ ఆవిడ కాదు కాబట్టి. వేరే వకీలును పెట్టుకోమని మాత్రం చెప్పాను, పెట్టుకుంది.

రాజీ

మాటలు మొదలయ్యాక వాటాను, పెత్తనాన్ని వేరు చేసి రెండు కాగితాల మీద రాయించాను. ఒకదాని మీద ఎవరికి ఎన్ని షేర్లు. రెండోదాని మీద మిల్లు ఎవరు నడపాలి, ఎంత జీతానికి, దేనికి ఎవర్ని అడగాలి. రెండో కాగితం మీద నలుగురికీ తేడా దాదాపు లేదు. మిల్లు అన్నే నడపాలని తమ్ముడు కూడా రాశాడు. వాళ్లు ఇన్నాళ్లూ పోట్లాడుతున్న విషయం మీద అసలు ఏకాభిప్రాయమే ఉంది.

రైట్స్ ఇష్యూ రద్దు చేసి మూలధనం మళ్లీ 40,000 షేర్లకు తెచ్చాం. అన్న 60 లక్షలు ఆయన అప్పుగా తిరిగి పుస్తకాల్లోకి వచ్చింది, వడ్డీతో. ఇది న్యాయం. భార్య బంగారం డబ్బును ఎవరూ కాదనకూడదు. తండ్రి షేర్లు నాలుగు సమాన భాగాలయ్యాయి. అన్న అయిదేళ్లు మేనేజింగ్ డైరెక్టర్‌గా ఉండాలని, మార్కెట్‌లో ఆ పనికి తగిన జీతం తీసుకోవాలని రాశాం. భూమి అమ్మకం, కొత్త తాకట్టు, కొత్త షేర్లు, బంధువుల సంస్థలతో లావాదేవీలు తల్లి, చెల్లెలు ఇద్దరూ ఒప్పుకుంటేనే. ఇవి ఒప్పందంలో వదిలేయలేదు. సభ్యులందరి సమ్మతితో ఆర్టికల్స్‌లోనే పెట్టించాం, 5వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. తల్లి భూమికి రిజిస్టర్డ్ లీజు, నెలనెలా అద్దె.

ఎవరు ఉంటారు, ఎవరు వెళ్తారు అన్నప్పుడు నేను ఊహించినట్టు జరగలేదు. డబ్బు తీసుకుని వెళ్తుందనుకున్న చెల్లెలు షేర్లు ఉంచుకుంటానంది. పోరాడిన తమ్ముడు అమ్ముతానన్నాడు. చెల్లెలు ఉండటం మీదే అన్నకు ఎక్కువ టెన్షన్. "రేపు బావగారు మిల్లుకొచ్చి కుర్చీ వేసుకుంటారు" అన్నాడు. డైరెక్టర్ కావాలంటే స్వయంగా సభ్యులై ఉండాలని, షేర్లు తల్లిదండ్రుల సంతానానికే బదిలీ కావాలని ఆర్టికల్స్‌లో రాశాక శాంతించాడు. చెల్లెలు డైరెక్టర్ అయింది. ఆ నియమంతో వదిన బోర్డు నుంచి తప్పుకుంది.

రిజిస్టర్డ్ వాల్యుయర్ కంపెనీ విలువ 6 కోట్ల 40 లక్షలని తేల్చాడు. షేరుకు 1,600. మైనారిటీ వాటా కాబట్టి తగ్గించాలని అన్న వైపు ఆడిటర్ అన్నాడు. నేను గట్టిగా వ్యతిరేకించాను. అన్యాయంగా మైనారిటీ చేసినవాణ్ణి మైనారిటీ అని తక్కువ ధరకు కొనడం కుదరదు. తమ్ముడి 11,500 షేర్లకు కోటీ 84 లక్షలు. అన్న దగ్గర అంత డబ్బు లేదు. ఏటా దాళ్వా డబ్బు చేతికొచ్చాక, జూన్‌లో, 46 లక్షల చొప్పున నాలుగు వాయిదాలు పెట్టాం. ప్రతి వాయిదాకు 2,875 షేర్లే బదిలీ అవుతాయి. డబ్బు ఆగితే మిగిలిన షేర్లు తమ్ముడి దగ్గరే ఉంటాయి, ఓటు హక్కుతో సహా. సెక్యూరిటీగా చెక్కులు తీసుకోవడం కన్నా ఇది మేలని నా నమ్మకం.

కాగితం మీద ధర తక్కువ చూపిద్దామన్న ఆలోచన వచ్చింది. అప్పటి ఆదాయపు పన్ను చట్టం (1961) 50సీఏ సెక్షన్ దానికి అడ్డమైంది. అన్‌లిస్టెడ్ షేరును, అంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో లేనిదాన్ని, లెక్కప్రకారం విలువ కన్నా తక్కువకు అమ్మినా పన్ను ఆ విలువ మీదే పడుతుంది. ఆ విలువ కట్టేటప్పుడు భూమిని స్టాంపు ధరకు తీసుకుంటారు. మొదటి వాయిదాకు, తర్వాతి వాటికి మధ్య పన్ను రేటు కూడా మారింది. 2024 జూలై 23 ముందు ఇండెక్సేషన్‌తో (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కించడం) 20 శాతం, ఆ తర్వాత అది లేకుండా 12.5 శాతం.

నాలుగు వాయిదాలూ పూర్తయ్యాక అన్నకు 62.5 శాతం ఉంటుంది. రోజువారీ నిర్ణయాలకు అది చాలు. ప్రత్యేక తీర్మానానికి నాలుగింట మూడొంతులు కావాలి. తల్లి, చెల్లెలు కలిస్తే 37.5 శాతం, అది ఆపగలరు. ఈ లెక్కను నలుగురూ కూర్చుని అర్థం చేసుకునేదాకా సంతకాలు పెట్టించలేదు. రాజీ పత్రాన్ని ట్రిబ్యునల్ ముందు పెట్టి సమ్మతి ఉత్తర్వుగా తీసుకున్నాం. దాంతో వాయిదా తప్పితే మళ్లీ కొత్త కేసు వేయక్కర్లేదు, 424వ సెక్షన్ కింద డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. ఉత్తర్వు నకలు ముప్ఫై రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలైంది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది తమ్ముడి గ్యారంటీ. మేం రాజీపడ్డాం కాబట్టి అతన్ని వదిలేయమంటే బ్యాంకు వినదు, వినాల్సిన అవసరమూ లేదు. కాంట్రాక్టు చట్టం 130వ సెక్షన్ కింద ఇకముందు ఇచ్చే అప్పుకు గ్యారంటీ వెనక్కి తీసుకోవచ్చు గానీ, బ్యాంకు పత్రాల్లో ఆ హక్కును వదులుకున్నట్టు ముందే రాయించుకుని ఉంటారు. చివరకు అన్న కొత్తగా కొన్న ఇంటి స్థలం తాకట్టు పెట్టి తమ్ముడి చెరువుల దస్తావేజు విడిపించాడు. రెండో వాయిదాతో పాటే ఆ దస్తావేజు తమ్ముడి చేతికి వచ్చింది. తల్లి తన 9,500 షేర్లకు రిజిస్టర్డ్ వీలునామా రాసింది. నామినేషన్ ఒక్కటే చాలదని, నామినీ యజమాని కాడని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో తేల్చిందని చెప్పాక తీసుకున్న నిర్ణయం అది. అందులో ఏముందో పిల్లలు ముగ్గురిలో ఎవరికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు.